ఛాయాచిత్రములో అతుకు

అడవిలో పులి నిలిచియున్న ఛాయాచిత్రమును చూడగానే మనకు రెండు సంగతులు తోచును. అది పులి అనునది మొదటిది; అది ఆ చోటనే ఉండెననునది రెండవది. మొదటిదానికి సాక్ష్యము పులి రూపము. రెండవదానికి సాక్ష్యము వెనుకనున్న చెట్లు, గడ్డి, ఆకాశము. జంతుశాస్త్రమున ఈ రెండవ సాక్ష్యము తక్కువది కాదు. ఏ జంతువు ఎచ్చట, ఏ ఋతువున సంచరించునో తెలిసికొనుట ఆ శాస్త్రములో ముఖ్యమైన పని. కాని నేడు కంప్యూటరు సహాయమున జంతువు బొమ్మను దాని నేపథ్యమునుండి వేరుచేసి, మరియొక నేపథ్యమున నిలుపుట కొద్ది నిమిషముల పని. ఈ విద్య కంప్యూటరుతో పుట్టినదని పలువురు తలంతురు. అది నిజము కాదు. దీని వయస్సు 160 ఏండ్లకు పైమాటయే.

తెల్లబడిన ఆకాశము

1851లో ఇంగ్లండు దేశీయుడైన ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియను పద్ధతిని ప్రకటించెను. గాజుపలకపై కొలోడియను పూసి, వెండి లవణములతో దానిని కాంతికి లొంగునట్లు చేసి, తడి ఆరకముందే చిత్రము తీయవలెను. ఆ పలకకు ఒక లోపము కలదు. నీలికాంతియు, అతినీలలోహిత కాంతియు దానిపై బలముగా పనిచేయును. ఆకుపచ్చ, ఎరుపు కాంతులు అంతగా పనిచేయవు. నేలయు చెట్లును చక్కగా పడునంతసేపు కెమేరాను తెరచియుంచినచో, ఆకాశపు కాంతి హెచ్చై, అచ్చు తీసిన చిత్రములో మేఘములు లేని తెల్లని కాగితమే మిగులును. మేఘములు పడునట్లు త్వరగా మూసినచో నేల చీకటియగును.

దీనికి ఫ్రాన్సు దేశీయుడైన గుస్తావ్ ల గ్రే ఒక ఉపాయము కనిపెట్టెను. 1856, 1857 సంవత్సరములలో అతడు తీసిన సముద్ర దృశ్యములు కొన్నింటిలో నీటికొక నెగటివు, ఆకాశమునకు వేరొక నెగటివు వాడెను. అచ్చు తీయునపుడు కాగితములో ఒక భాగమును కప్పి, రెండవ భాగమును కాంతికి చూపెను. పిమ్మట దానిని కప్పి దీనిని చూపెను. నీరు, ఆకాశము కలియు రేఖ వద్ద అతుకు దాగిపోయెను. నేటి సాఫ్ట్‌వేరులో 'మాస్క్' అనబడు పనిముట్టు చేయునదియు ఈ కప్పుట, చూపుటలే.

1857లో ఇంగ్లండులో ఆస్కార్ రెయిలాండర్ 30కి పైగా నెగటివులను కలిపి ఒకే పెద్ద చిత్రమును నిర్మించెను. దాని ప్రతినొకదానిని విక్టోరియా రాణి కొనెను. మరుసటి యేడు హెన్రీ పీచ్ రాబిన్సన్ 5 నెగటివులతో ఒక రోగి బాలిక చిత్రమును కూర్చెను. దృశ్యములు తీయువారు మేఘముల నెగటివులను దాచుకొని, అవే మేఘములను పెక్కు ఊళ్లపై అతికిరి. అందుచేత నేలపై నీడలొక దిక్కునకు, మేఘములపై వెలుగు మరియొక దిక్కునుండి ఉన్న చిత్రములును పుట్టినవి. 1873లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్, రంగులు చేర్చినచో పలక ఇతర కాంతులను గూడ గ్రహించునని కనుగొనెను. క్రమముగా మొదటి అవసరము తీరినది. అతుకు అలవాటు మాత్రము నిలిచినది.

అడవిలోనికి కెమేరా

ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కీర్టన్ అను అన్నదమ్ములు 1895లో పక్షుల గూళ్లను గురించి, ప్రకృతిలో తీసిన ఛాయాచిత్రములతోనే ఒక పుస్తకమును ప్రకటించిరి. పక్షులు బెదరకుండుటకై బోలు చేసిన ఎద్దు బొమ్మలో దాగి గంటలకొలది వేచియుండిరి. అమెరికాలో జార్జి షైరస్ రాత్రివేళ పడవపై పోవుచు, మెరుపు దీపముతో అడవి జంతువులను చిత్రించెను. అతని చిత్రములు 74, 1906లో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రికలో వెలువడెను. వీరి శ్రమకంతటికి అర్థమొక్కటే: జంతువును దాని సొంత చోటులో చూపుట. పాఠకుడు వన్యప్రాణి చిత్రమును నమ్ముట ఈ సంప్రదాయము వలన ఏర్పడినది.

నాలుగవ సంఖ్య

నేపథ్యమును మార్చు కళ సినిమాలో వేగముగా పెరిగినది. 1940 నాటి 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చిత్రములో లారీ బట్లర్ నటులను నీలి తెరముందు నిలిపి చిత్రించెను. మనిషి చర్మములో నీలము తక్కువగుటచే, నీలమును తొలగించినచో మనిషి మాత్రము మిగులును. అడవి మృగము నీలి తెరముందు నిలువదు గదా! దానిని ఆకులనుండి, గడ్డినుండి వేరుచేయుటకు వేరు మార్గము కావలెను.

1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఛాయాచిత్రమును నిలువున 176, అడ్డముగ 176 చుక్కలుగా విడగొట్టి కంప్యూటరునకు అందించెను. ఇట్టి చుక్కకు పిక్సెల్ అని పేరు. వర్ణచిత్రములో ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలము ఎంతెంత అని తెలుపు మూడు సంఖ్యలుండును. ఇప్పుడు జంతువు బొచ్చు అంచును గమనింపుడు. ఒక వెంట్రుక పిక్సెల్‌లో నూటికి 40 పాళ్లు మాత్రమే ఆక్రమించినదనుకొందము. అప్పుడు ఆ పిక్సెల్ రంగులో 40 పాళ్లు వెంట్రుకది, 60 పాళ్లు వెనుకనున్నదానిది. మంచులో తీసిన జంతువును కత్తిరించి పచ్చని అడవిలో అతికినచో, ఆ 60 పాళ్ల తెలుపు వెంటవచ్చి, జంతువు చుట్టును తెల్లని అంచుగా కనబడును. 1970వ దశకము చివర ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ అనువారు ప్రతి పిక్సెల్‌కు నాలుగవ సంఖ్యను చేర్చిరి. ఆ పిక్సెల్‌లో వస్తువు ఎన్ని పాళ్లు కలదో తెలుపు ఈ సంఖ్యకు 'ఆల్ఫా' అని పేరు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ దీనితో చిత్రములను కలుపు గణితమును క్రమపరచిరి.

1990లో నోల్ సోదరులు రచించిన ఫోటోషాప్ వెలువడినది. 1994లో దానికి పొరలు చేర్చబడినవి. అడుగు పొరలో అడవి, పై పొరలో జంతువు, నడుమ మాస్క్. చీకటిగదిలో వారములు పట్టిన పని బల్లమీదకు వచ్చెను.

నమ్మిక చెడిన వేళ

2006లో టిబెట్టు పీఠభూమిపై రైలుమార్గము ప్రారంభమైనది. చిరు అను టిబెట్టు జింకల వలసకు అది అడ్డగునా అనునది అప్పటి పెద్ద ప్రశ్న. వంతెనపై రైలు పోవుచుండగా, క్రింద జింకల మంద పరుగిడుచున్న చిత్రమొకటి చైనాలో ప్రసిద్ధికెక్కెను. 2008లో ఒక చూపరికి దాని అడుగుభాగమున అతుకు గీత కనబడెను. రైలు చప్పుడునకు ఆ జింకలు చెదరిపోవలసినదే అని తెలిసినవారనిరి. ఛాయాగ్రాహకుడు రెండు చిత్రములను కలిపితినని ఒప్పుకొని ఉద్యోగము వదలెను. జింకలు రైలుమార్గము క్రిందనున్న దారులను నిజముగనే వాడుచున్నవని పరిశీలనలు తెలిపినవి. నిజమునకు సాక్ష్యముగా అబద్ధపు చిత్రమును నిలుపుటచే నిజమే అనుమానమునకు గురియైనది.

2011లో స్వీడనులో ఇట్టిదే మరియొకటి బయటపడెను. లింక్స్ అను పెద్ద అడవిపిల్లి చిత్రములకు పేరొందిన ఛాయాగ్రాహకుడొకడు, వేసవిలో తీసినదని ఒక చిత్రమును చూపెను. అందులోని లింక్స్‌కు దట్టమైన చలికాలపు బొచ్చు ఉండెను! వేరెవరో తీసిన జంతువును తన అడవి దృశ్యముపై అతికినట్లు తేలెను. ఇచ్చట అతుకు అంచు దోషము లేకుండ ఉన్నను, ఋతువు సాక్ష్యము చెప్పినది. దానిని పట్టుకొన్నది యంత్రము కాదు, లింక్స్‌ను ఎరిగినవారు.

ఏది తప్పు?

చిత్రములను కలుపుట దోషమనరాదు. ల గ్రే కలిపెను. పాఠ్యపుస్తకములలో ఒక చెరువు జీవులన్నింటిని ఒకే దృశ్యమున చూపుటకు నేడును కలుపుదురు. కలిపినట్లు క్రింద వ్రాసినచో అది మంచి బోధనోపకరణము. వ్రాయనిచో అది తప్పుడు సాక్ష్యము. అందుచేతనే లండనులోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల నడుపు వన్యప్రాణి ఛాయాచిత్రముల పోటీలో, లేనిదానిని చేర్చుట, ఉన్నదానిని తీసివేయుట నిషిద్ధము. కెమేరా నమోదు చేసిన మూల దస్త్రమునే అడిగి చూతురు.

తరగతిలో ఏ వన్యప్రాణి చిత్రమునైనను ముందుంచుకొని విద్యార్థులు నాలుగు ప్రశ్నలు వేసికొనవచ్చును. జంతువుపై వెలుగు, చెట్లపై వెలుగు ఒకే దిక్కునుండి వచ్చుచున్నవా? కాళ్లు నేలను తాకినచోట నీడ ఉన్నదా? బొచ్చు అంచున పరాయి రంగు కలదా? ఆ జంతువు ఆ చోట, ఆ ఋతువున ఉండునా? కొల్లేటికి చలికాలమున వచ్చు వలస బాతుల మంద, మే నెల చిత్రములో కనబడినచో సందేహింపవలదా? మొదటి మూడింటిని నేర్పరియైనవాడు సాఫ్ట్‌వేరుతో సరిదిద్దవచ్చును. నాలుగవదానికి జవాబు అడవిని, చెరువును స్వయముగా పరిశీలించినవారికే తెలియును.