అర్పా పుట్టిల్లు అమర్‌పూరే

అర్పా నది ఎక్కడ పుట్టిందని అడిగితే మన బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తడుముకోకుండా వచ్చే జవాబు ఖోడ్రీ-ఖోంగ్సరా కొండలు. పుస్తకాల్లోనూ ఒకరిని చూసి ఒకరు అదే రాశారు. ఆ మాట నిలవదు. కట్నీ రైలు లైను ఈ నదికి ఎదురెక్కే దారి. బెల్‌గహనా, టెంగన్‌మాడా దాటాక బండి ఘాట్ ఎక్కుతుంది. ఖోంగ్సరా, భన్వర్‌టోంక్, ఖోడ్రీ మూడూ ఆ ఎక్కుడులోని స్టేషన్లే. ఎక్కుడు తేరేది పెండ్రా పీఠభూమి మీద, సుమారు 600 మీటర్ల ఎత్తున. మన బిలాస్‌పూర్ అందులో సగం ఎత్తు కూడా లేదు. పెండ్రా పక్కన అమర్‌పూర్ పొలాల్లో ఊరిన నీరే కిందికి దిగుతూ, అడవి వాగులను కలుపుకుని, ఒళ్లు చేస్తుంది. బెంగాల్-నాగపూర్ రైల్వే పెట్టిన స్టేషన్ల పేర్లు రాసేవాళ్లకు చేతికందాయి, నది పుట్టుకకు అవే అంటుకున్నాయని నా అనుమానం.

అమర్‌పూర్‌లో ధార ఏదీ, పొలం గట్లు తప్ప ఏముంది అంటారు అవతలివాళ్లు. ధార కనబడితేనే నది అనుకుంటే, ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లోని తోర్వా ఘాట్ దగ్గర కూడా నది లేనట్టే. అయినా అక్కడ ఇసకలో చెలమ తవ్వితే ముందు తడి తేలుతుంది, ఆ తర్వాత మట్టినీరు, కాసేపటికి తేటనీరు. అర్పా అంతస్సలిల. ఇసక కింద పారే నదికి పుట్టుక కూడా నేల కిందే ఉండడంలో వింతేముంది? సైప్రస్ ద్వీపంలో అతి పొడవైన నది పెడియోస్ కూడా ఏడాదిలో చాలాకాలం ఎండి ఉంటుంది. నికోసియా నగరం మధ్య ఆ ఒట్టి గర్భాన్నే నది అంటారు, దాని మూలాన్ని ట్రూడోస్ కొండల్లోనే చూపిస్తారు. అంతదూరం ఎందుకు, అదే పెండ్రా ప్రాంతంలో శోణ్ నది కథ చూడండి. భక్తులు అమర్‌కంటక్‌లోని సోన్‌ముడా చూపిస్తారు, భూగోళం తెలిసినవాళ్లు పెండ్రా వైపు చూపిస్తారు. శోణ్‌కు ఇచ్చిన ఆ విచారణ అర్పాకు ఎందుకు దక్కలేదు?

ఇది పేరు కోసం పేచీ కాదు. మూలం ఖోంగ్సరా అడవిలో ఉందని నమ్మినంతకాలం అమర్‌పూర్ పొలం ఉత్త పొలమే, పూడ్చినా అమ్మినా అడిగేవాడుండడు. నదిని కాపాడాలన్న వ్యాజ్యం మన ఊళ్లోని హైకోర్టు దాకా వచ్చింది. 2019లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రగీతమైన పాట మొదలయ్యేదే అర్పా పేరుతో. పాటలో ఇంత పెద్దపీట వేసినవాళ్లు రెవెన్యూ పటంలో అమర్‌పూర్ ఊట చుట్టూ ఒక గీత గీసి, హద్దురాళ్లు పాతించాలి.