జోలె వెళ్ళినంత దూరం

1274లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో సమావేశమైన కతోలిక మహాసభ భిక్షుక సభల సంఖ్యకు పగ్గం వేసింది. ఫ్రాన్సిస్కన్లను, డొమినికన్లను బాహాటంగా సమర్థించి, కార్మెలైట్లను, అగస్టీనియన్లను ప్రస్తుతానికి ఉండనిచ్చి, చిన్నాచితకా సభలకు కొత్తవారిని చేర్చుకోవద్దంది. అస్సీసి ఫ్రాన్సిస్ రోమ్ వెళ్ళి పోపు నోటిమాటగా అనుమతి తెచ్చుకున్నది 1209లో. అరవై అయిదేళ్ళలో వీధికొకరుగా బిచ్చగాళ్ళ సంఘాలు పుట్టుకొచ్చి, చివరికి మహాసభే అడ్డుపడాల్సి వచ్చిందంటే ఆ పద్ధతికి ఎంత గిరాకీ ఉందో తెలుస్తుంది. ఈ సభల ప్రభావం గురించి రాసేవాళ్ళు సాధారణంగా దూరాలు కొలుస్తారు, ఆశ్రమాలు లెక్కపెడతారు. చైనాకు వెళుతూ మోంటెకొర్వినో జాన్ అనే ఫ్రాన్సిస్కన్ 1291-92 ప్రాంతంలో మైలాపూరు తీరాన పదమూడు నెలలు ఉన్నాడు, తోడు వచ్చిన డొమినికన్‌ను అక్కడే పాతిపెట్టాడు, ఓ వందమందికి జ్ఞానస్నానం ఇచ్చాడు. గొప్ప ప్రయాణమే. కానీ ఆ వందమంది ఏమయ్యారో చరిత్రకు అక్కర్లేకపోయింది. భిక్షుక సంఘం ప్రభావాన్ని కొలవాల్సింది అది చేరిన ఊళ్ళతోనో, చేర్చుకున్న మనుషులతోనో కాదు. అందులో ఎన్నడూ చేరనివాళ్ళ చేతుల్లో అది వదిలిపెట్టిన వాటితో. ఈ కొలత ఎంత నిజమో చూడడానికి, ఫ్రాన్సిస్కన్ల చరిత్రలో ఎక్కడా కనబడని, ఓరుగల్లు సీమలోని పాలకుర్తి మంచి చోటు.

మోంటెకొర్వినో తూర్పు తీరాన ఉన్ననాటికి ఓరుగల్లులో కాకతీయుల రాజ్యం నడుస్తోంది. ఆ రాజ్యంలో శివుడి పేరున భిక్ష ఎత్తే తీరు రెండు రకాలు. ఒకటి గోళకీ మఠానిది. గణపతిదేవుడి గురువు విశ్వేశ్వర శంభువుకు రుద్రమదేవి మందడం గ్రామాన్ని ధారపోసిన సంగతి 1261 నాటి మల్కాపురం శాసనంలో ఉంది. ఆ దానంతో గుడి, మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, వేదం చెప్పే పంతుళ్ళు అన్నీ ఏర్పడ్డాయి. ఆ గురు పరంపర మూలపురుషుడికి డాహళ దేశపు కలచురి రాజు మూడు లక్షల గ్రామాలను భిక్షగా ఇచ్చాడని అదే శాసనం చెబుతుంది. మూడు లక్షల ఊళ్ళు భిక్షగా పుచ్చుకున్నవాణ్ణి భిక్షువు అనడానికి కాస్త ధైర్యం కావాలి! రెండో తీరు జంగముడిది. పన్నెండో శతాబ్దంలో కల్యాణంలో బసవేశ్వరుడు, తెలుగునాట మల్లికార్జున పండితారాధ్యుడు ఊపు తెచ్చిన శైవంలో జంగముడంటే నడిచే లింగం. స్థావరమైన గుడికంటే ఇల్లిల్లూ తిరిగే జంగముడే ఎక్కువ. యూరప్‌లో భూములున్న బెనెడిక్టైన్ మఠాలకూ, జోలె పట్టిన ఫ్రాన్సిస్కన్లకూ మధ్య ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. ఒకరి గురించి ఒకరు విననైనా వినలేదు.

పాల్కురికి సోమనాథుడి ఊరు ఈ పాలకుర్తే. ఊరిని ఆనుకుని గుట్టమీద సోమేశ్వరాలయం ఉంది, కొద్ది దూరంలో పోతన పేరుతో చెప్పుకునే బమ్మెర. సోమనాథుడి కాలం మీద పండితులింకా వాదించుకుంటూనే ఉన్నారు. పన్నెండో శతాబ్దం చివర అనేవారున్నారు, పదమూడు పద్నాలుగు శతాబ్దాల సంధి అనేవారూ ఉన్నారు. ఎవరి మాట నిజమైనా ఇక్కడి వాదానికి లోటు లేదు. సంస్కృత సమాసాల చంపువును పక్కనపెట్టి, నలుగురు కూడి పాడుకోవడానికి వీలయ్యే ద్విపదలో, జాను తెనుగులో బసవపురాణం, పండితారాధ్య చరిత్ర రాశాడాయన. ఫ్రాన్సిస్ కూడా 1225 ప్రాంతంలో సూర్యుణ్ణి అన్న అని పిలిచే స్తుతిగీతాన్ని లాటిన్లో కాక తన ఉంబ్రియా మాటల్లోనే కట్టాడు. 1223లో గ్రెచ్చోలో గడ్డి, ఎద్దు, గాడిద పెట్టి పశులపాక చూపించాడు. వినేవాడి చెవిని, చూసేవాడి కంటిని పట్టుకోవడం బిచ్చమెత్తి బతికేవాడికి అలంకారం కాదు, అవసరం. భూమి ఉన్న మఠం జనానికి అర్థం కాకపోయినా బతుకుతుంది, గుమ్మం ముందు నిలబడ్డవాడు బతకడు. పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే జనం పాటలు, ఆటలు, బొమ్మలాటలు బారులు తీరుతాయి. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు అప్పుడే జనం నోళ్ళలో ఉన్నాయని తెలిసేది అక్కడే. ఆయన జనానికి పాట ఇవ్వడమే కాదు, జనం దగ్గర తీసుకున్నాడు కూడా. ఓరుగల్లు గుడిలో భక్తులు బసవపురాణం చదువుతుంటే అటుగా వచ్చిన ప్రతాపరుద్రుడు ఏమిటది అని అడిగాడనీ, పక్కనున్న బ్రాహ్మణుడు అదొక కొత్త ద్విపద, లెక్కలోకి రాదని చప్పరించాడనీ తర్వాతి శైవకవులు కథ చెప్పుకున్నారు. జరిగిందో లేదో గానీ, ఆ చప్పరింత మాత్రం నిజమే అయి ఉంటుంది.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది. రాజు పోగానే రాజుగారి మఠమూ వాడిపోయింది. గోళకీ పరంపర తెలుగునాట మునుపటి బలం మళ్ళీ కూడగట్టుకోలేదు. ద్విపదకు ఆ బెంగ లేదు. 1369లో భీమకవి బసవపురాణాన్ని కన్నడంలోకి తీసుకుపోయాడు; కన్నడ దేశంలో పుట్టిన భక్తుడి కథ పాలకుర్తి కవి మీదుగా తిరిగి కన్నడానికి చేరింది. ఇక్కడి పల్లెల్లో తంబురా, వేళ్ళకు అందెలు, పక్కన గుమ్మెటతో జంగం కథ నిలబడింది. శివుడి కథలతో మొదలై యుద్ధవీరుల కథల్లోకి పాకి, చివరికి బుర్రకథగా మారింది. 1940లలో కమ్యూనిస్టుల ప్రజానాట్యమండలి ఆ బుర్రకథనే భుజాన వేసుకుంది. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి పంటను కాపాడుకున్న చాకలి ఐలమ్మ ఊరు కూడా పాలకుర్తే. శివుణ్ణి నమ్మని కమ్యూనిస్టులు, జంగాల పొత్తులోనివాళ్ళు కానివాళ్ళు, జంగం తంబురాను అక్కడి పోరాటం పాడడానికి వాడుకున్నారు. సంఘంలో చేరనివాళ్ళ చేతుల్లో మిగిలినదని నేనంటున్నది ఇదే.

ఈ పోలిక అతకదని గట్టిగా అనేవారు ఉంటారు. ఫ్రాన్సిస్కన్ సభకు రాసిపెట్టిన నియమావళి ఉంది, ఎన్నుకున్న పెద్ద ఉన్నాడు, బ్రహ్మచర్యం ఉంది. విరక్తులను మినహాయిస్తే జంగాలు సంసారులు, కాలం గడిచేకొద్దీ పుట్టుకతో వచ్చే కులమయ్యారు. ఈ తేడా చిన్నది కాదు. రాతలో ఉన్న నియమం సముద్రం దాటుతుంది, ఎక్కడైనా కొత్తవాడికి అంగీ తొడుగుతుంది. అందుకే ఆ సభ బీజింగ్ దాకా వెళ్ళింది. కులం సముద్రం దాటదు, కానీ ఊరు వదలదు. రాజ్యాలు మారినా తాత తిరిగిన ఊళ్ళే మనవడూ తిరుగుతాడు. అయితే ఒకరు ఎంత దూరం వెళ్ళారు, ఇంకొకరు ఎంత లోతుకు దిగారు అన్నదానికి ఇది కారణం చెబుతుందే తప్ప, ఇద్దరి పనిముట్టూ ఒకటే అన్న మాటను కొట్టిపారేయదు.

రెండో అభ్యంతరానికి ఇంత తేలిగ్గా జవాబు లేదు. ఈ సంఘాల ప్రభావం పాట వల్ల కాదు, డబ్బూ కత్తీ వల్ల అని. డొమినికన్లు 1230ల నుంచి మతవిచారణ న్యాయస్థానాలు నడిపారు. క్రీస్తుకూ శిష్యులకూ సొంత ఆస్తి లేదని బోధించడం పాషండమని 1323లోనే పోపు ఇరవై రెండో జాన్ ప్రకటించాక, బీదరికాన్నే వ్రతంగా పట్టుకున్న ఫ్రాన్సిస్కన్లకు తమ సభలోనే చోటు కరువైంది. ఇటు బసవపురాణంలో పరమతస్థుల మీద, ముఖ్యంగా జైనుల మీద, కనికరం లేని కథలున్నాయి. 1512 నాటి శ్రీశైల శాసనంలో ఒక వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరికినట్టు గొప్పగా చెప్పుకున్నాడు. శ్రీశైలంలో భిక్షావృత్తి మఠం అధిపతుల వెనుకా సంపద, పలుకుబడి చేరాయి. వీటిని దాచి భిక్షువుల చరిత్ర రాస్తే అది స్తోత్రం అవుతుంది. కాకపోతే, ఏ కత్తి వల్ల ఏది నిలిచిందని అడగాలి. జైనులు తగ్గడానికి కత్తి కొంత కారణం కావచ్చు. ద్విపద జనం నోట నిలబడడానికి మాత్రం కాదు, కత్తి చూపించి ఎవరిచేతా ఏడు వందల ఏళ్ళు పాడించలేరు.

ఇంతకీ అసలు కతోలిక భిక్షువులు తెలుగునేల దరిదాపులకు రాకపోలేదు. ఫ్రాన్సిస్కన్ లూయిస్ దో సాల్వదోర్ పోర్చుగీసుల దూతగా విజయనగరం వెళ్ళి 1510లో అక్కడే హత్యకు గురయ్యాడు. రాయబారిగా వచ్చినవాడు రాయబారిగానే పోయాడు. ఓరుగల్లు సీమలో కతోలిక సంఘాన్ని కట్టినవారు భిక్షుక సభలవాళ్ళు కారు, మిలాన్ నుంచి 1855లో తెలుగు ప్రాంతాలకు వచ్చిన విదేశీ మిషన్ గురువుల వారసులు. 1952లో హైదరాబాదు నుంచి విడదీసి వరంగల్ మేత్రాసనం ఏర్పాటైనప్పుడు తొలి మేత్రాణులు అల్ఫోన్సో బెరెత్తా ఆ సంస్థవారే. బళ్ళు, ఆసుపత్రులు, అనాథశాలలు వాళ్ళ దారి. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు గానీ, అస్సీసి జోలెకంటే అది మందడంలోని ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు దగ్గర. ఊరూరా తిరిగి కథ చెప్పే చోటు ఇక్కడ అప్పటికే నిండి ఉంది. పల్లెల్లో నలుగురినీ కూర్చోబెట్టి యేసు చరిత్ర వినిపించాలనుకున్న తెలుగు క్రైస్తవులు కూడా తంబురా మీటి, పక్కన ఇద్దరు వంతగాళ్ళను నిలబెట్టి బుర్రకథే చెప్పారు.