లెక్క ఎవరి మీద పెట్టాలి

"అమ్మా, ఈరోజు నాకు మైనస్ రెండు" అంది మా అమ్మాయి, ఐస్ హాకీ రింకు నుంచి ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ. పదేళ్ల పిల్ల. ఆటలో తప్పేమైనా చేసిందా అంటే లేదు. ఎవర్నీ పడదోయలేదు, శిక్షపడి బయట కూర్చోలేదు. అవతలి జట్టు రెండు గోల్స్ కొట్టినప్పుడు ఇది మంచు మీద ఉంది, అంతే. ఆ రెండుసార్లూ పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) దీని కర్రకు చాలా దూరం నుంచే పోయింది. అయినా అద్దం వెనక నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్న ఒక తల్లి, గోల్ కాసే గోలీ కాక ఆ క్షణాన మంచు మీదున్న మా జట్టు పిల్లలు ఐదుగురి పేర్ల పక్కనా ఒక్కో మైనస్ పెట్టింది. మనవాళ్లు గోల్ కొట్టినప్పుడు మంచు మీదుంటే అదే తీరుగా ఒక ప్లస్. కొట్టిందెవరు, వదిలేసిందెవరు అన్న విచారణే లేదు.

ఈ సంగతి ఫోన్లో మా తమ్ముడికి చెప్పాను. వాడు కళ్యాణదుర్గం దగ్గర హైస్కూల్లో పీఈటీ. ఎర్రమట్టి మీద పిల్లలతో హాకీ ఆడిస్తాడు. "అక్కా, ఆడ పిల్లోళ్లను లెక్కల్తో జూస్తారంట గదా. అదేందో వివరంగా రాసి పంపు, నేనూ మొదలుపెడతా" అన్నాడు. వాడికోసం తెలుసుకోవడం మొదలుపెడితే ఈ దేశం కథే సగం బయటపడింది.

మేముండేది ఒంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్. ఇక్కడ లెక్కలు రాయడం ఆట ఎంత పాతదో దాదాపు అంత పాతది. 1911లో ఫ్రాంక్, లెస్టర్ పాట్రిక్ అనే అన్నదమ్ములు తండ్రి కలప వ్యాపారం డబ్బుతో పసిఫిక్ తీరాన ఒక లీగ్ పెట్టారు. ఆ తీరంలో చలి తక్కువ, చెరువులు గట్టిగా గడ్డకట్టవు. అందుకని యంత్రాలతో మంచు తయారుచేసే రింకులు కట్టించారు. మంచు మీద నీలిగీతలు, చొక్కాల మీద అంకెలు, ఇంకా చాలా మార్పులు వాళ్ల చలవే. వాటన్నిట్లో నాకు గొప్పగా తోచింది ఒకటుంది. గోల్ కొట్టినవాడి పేరుతో ఆగకుండా, ఆ పక్‌ను అందించినవాడి పేరు కూడా పుస్తకంలోకి ఎక్కించారు. దాన్నే అసిస్ట్ అంటారు. ఇప్పుడైతే ఒక గోల్‌కు ఇద్దరి దాకా అసిస్ట్ ఇస్తారు. కొట్టినవాడికి ఒక పాయింటు, అందించినవాళ్లకూ తలా ఒక పాయింటు. కొట్టడం ఎక్కువ, ఇవ్వడం తక్కువ అన్న తేడా పెట్టలేదు.

మా ఊరివాడైన వేన్ గ్రెట్స్‌కీ అంకెలు చూస్తే దీని విలువ తెలుస్తుంది. నేషనల్ హాకీ లీగ్‌లో ఆయన కొట్టినవి 894 గోల్స్, అసిస్టులు 1,963. గోల్స్ అన్నీ తీసేసి ఒక్క అసిస్టులే లెక్కపెట్టినా, పాయింట్లలో ఇప్పటికీ ఆయనే అందరికన్నా పైన ఉంటాడు. ఎదుటివాడి కర్ర ముందు పక్ పెట్టడమే ఆయన ప్రతిభ అని లోకానికి చెప్పగలిగిన పుస్తకం ఉండబట్టి గదా ఇది తెలిసింది! ఇవ్వడాన్ని కూడా రాసిపెట్టుకున్న ఈ దేశమంటే నాకు గౌరవం.

ప్లస్-మైనస్ తర్వాత వచ్చింది. 1950లలో మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు తన లోపలి అవసరానికి రాసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత న్యూయార్క్ రేంజర్స్‌లో కోచ్ ఎమిల్ ఫ్రాన్సిస్ దాన్ని పట్టుకున్నాడు. 1967-68 నుంచి లీగ్ అధికారికంగా రాస్తోంది. గోల్స్ కొట్టకుండా అడ్డుకునే పని చేసేవాళ్లకూ ఒక అంకె ఉండాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అవతలివాడొకడు శిక్షపడి బయట ఉన్నప్పుడు, మనవాళ్లు ఎక్కువమంది ఉండి కొట్టిన గోల్‌ను లెక్కలోకి తీసుకోరు. ఆ మేరకు న్యాయమూ ఉంది.

కానీ ఈ లెక్క విన్నవెంటనే నాకు మా నాయన గుర్తొచ్చాడు. మన అనంతపురం జిల్లా రైతు ఎవరికైనా గుర్తొచ్చేది అదే, శెనక్కాయ పంటకు బీమా. చేను ఎవరిది వాళ్లదే, ప్రీమియం ఎవరిది వాళ్లదే, నష్టం మాత్రం అందరిదీ కలిపి కొలుస్తారు. ఒకప్పుడు మండలమంతా ఒక యూనిట్, తర్వాత ఊరు. లాటరీ తీసి ఎంచిన కొన్ని చేలల్లో పంటకోత ప్రయోగం చేస్తారు. ఆ దిగుబడి సగటు మామూలుకన్నా పడిపోతేనే అందరికీ పరిహారం. మన వానల సంగతి తెలిసిందే గదా, గుట్టకు ఈపక్క పడితే ఆపక్క పడదు. మా ఊరి పడమటి చేలు ఊడలు దిగే వేళకు బెట్టకొచ్చి మాడిపోయిన ఏడాది, తూర్పున ఒక్క మేఘం కురిసిపోయింది. సగటు నిలబడింది, మాకు పైసా రాలేదు. ఇంకో ఏడు మా చేను ఫర్వాలేదనిపించింది, ఊరు దెబ్బతింది, మాకూ డబ్బొచ్చింది. నాయన ఆ డబ్బు తీసుకుని సంతోషపడలేదు, సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు నేను మర్చిపోలేదు. చేసిన కష్టానికీ వచ్చిన అంకెకూ సంబంధం తెగిపోతే మనిషికి మైనస్సే కాదు, ప్లస్ కూడా బరువే.

సగటు చూడ్డానికి ఒక కారణం ఉందని మాత్రం ఒప్పుకోవాలి. చేను చేనుకూ తిరిగి కొలవాలంటే ఎన్ని వేలమంది కావాలి! ప్లస్-మైనస్ కూడా అట్లా చేతకాక పుట్టిన లెక్కే. ఒక పిల్ల వెనక్కి పరుగెత్తి దారి మూసేయడాన్ని, ఎదుటివాణ్ని గోడవైపు మళ్లించడాన్ని ఏ గీతతో రాస్తారు? రాయలేరు గనుక ఫలితాన్ని అందరికీ పంచేశారు. పంచినప్పుడు ఎవరి పక్కన ఆడింది, ఎదురుగా ఎవరున్నారు, వెనక గోలీ ఎలాంటివాడు అన్నవన్నీ పిల్ల ఖాతాలోనే పడతాయి. నమ్మకమైన ఆటగాణ్ని కోచ్ ఎప్పుడూ అవతలివాళ్లలో దిట్టల మీదికే పంపుతాడు. దాంతో వాడికే మైనస్‌లు ఎక్కువ పడతాయి.

ఇందుకు సాక్ష్యం కావాలంటే బిల్ మికెల్సన్‌ను చూడాలి. 1974-75లో వాషింగ్టన్ క్యాపిటల్స్ అని కొత్త జట్టు దిగింది. పాత జట్లు మాకొద్దని వదిలేసినవాళ్లే అందులో ఎక్కువ. 80 ఆటల్లో గెలిచినవి 8. పడిన గోల్స్ 446. ఆ జట్టులో రక్షణ ఆటగాడు మికెల్సన్‌కు 59 ఆటల్లో వచ్చింది మైనస్ 82. ఒక సీజన్‌లో అంతకన్నా కిందికి ఇప్పటిదాకా ఎవరూ పోలేదు. దానికి నాలుగేళ్ల ముందు బాస్టన్ జట్టులో బాబీ ఓర్‌కు ప్లస్ 124 వచ్చింది, అది పైకొస. ఓర్ మహానుభావుడే, అనుమానం లేదు. కానీ మికెల్సన్‌ను ఆ బాస్టన్ జట్టులోనూ, ఓర్‌ను ఈ వాషింగ్టన్ జట్టులోనూ నిలబెడితే ఆ రెండంకెలూ అట్లాగే ఉండేవా? మికెల్సన్ కూతురు మేగన్ తర్వాత కెనడా మహిళల జట్టులో రక్షణ ఆటే ఆడి 2010లో, 2014లో ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచింది. ఇది తెలిసిన రాత్రి మా అమ్మాయికి ఈ కథే చెప్పాను.

ప్లస్-మైనస్ లోపం ఇక్కడివాళ్లకూ తెలుసు. గోల్స్ మరీ అరుదు, అదృష్టం పాలెక్కువ. అందుకని గోల్ వైపు కొట్టిన ప్రతి దెబ్బనూ, లోపలికి పోయినా, తప్పినా, మధ్యలో ఎవరికైనా తగిలి ఆగినా, లెక్కపెట్టడం మొదలైంది. మాంట్రియల్‌లో పుట్టి బఫెలో జట్టులో గోలీలకు కోచ్‌గా పనిచేసిన జిమ్ కోర్సీ పేరు ఆ లెక్కకు పెట్టారు. ఆయన గోలీలు ఎంత శ్రమపడుతున్నారో తెలుసుకోవడానికి లెక్కపెట్టాడు, మిగతావాళ్లు దాన్ని ఆటగాళ్లందరికీ వాడారు. సూ సెయింట్ మరీలో కుర్రాళ్ల జట్టును లెక్కల సాయంతో నడిపిన కైల్ డూబాస్‌ను 2014లో టొరంటో మేపుల్ లీఫ్స్ పిలిచి పెద్దపీట వేసింది. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు. పెద్దల ఆటలో ఈ లెక్కలకు బలముంది, ఎందుకంటే ఆటలు చాలా. పదేళ్ల పిల్లల జట్టుకు ఒక శీతాకాలంలో పడే కొద్ది గోల్స్‌తో, ఒక పిల్ల గురించి తేల్చి చెప్పగలిగేది ఏమీ లేదు.

పిల్లల మీద అంకెలు పడితే ఏమవుతుందో ఈ ఊరే చూసింది. గ్రెట్స్‌కీ ఆరేళ్లప్పుడు పదేళ్లవాళ్లతో ఆడి ఆ ఏడాది కొట్టింది ఒకే ఒక్క గోల్. పదేళ్లప్పుడు కొట్టినవి 378. ఆ అంకె దేశమంతా పాకింది. దాంతోపాటే ఓర్వలేనితనమూ పాకింది. చిన్న పిల్లవాణ్ని పట్టుకుని పెద్దవాళ్లు, తోటి పిల్లల తల్లిదండ్రులు, గేలి చేశారు. పద్నాలుగేళ్లకే అమ్మానాన్నల్ని వదిలి టొరంటో పోయి ఆడాల్సొచ్చింది. ఈరోజు అదే ఊళ్లో ఆయన పేరు మీద క్రీడాప్రాంగణం ఉంది. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు ఆ అంకెను చూసి గర్వం కలగదు, పిల్లవాడి మీద జాలి కలుగుతుంది.

వాళ్ల నాన్న వాల్టర్ పెరట్లో తోటకు నీళ్లు చల్లే స్ప్రింక్లర్‌తో నేలంతా తడిపి, గడ్డకట్టించి రింకు చేశాడని ఇక్కడ ప్రతివాళ్లూ మురిపెంగా చెప్తారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన దాటితే పండగ చేసుకునే నేల నుంచి వచ్చినదాన్ని. కొడుకు ఆట కోసం రాత్రంతా నీళ్లు పారబోసిన తండ్రి అంటే మొదట విన్నప్పుడు గుండె కలుక్కుమంది. ఇప్పుడైతే ఆ తండ్రి చలిలో నిలబడ్డ తీరే కళ్లముందు మెదులుతుంది.

ఈ లెక్కల్లో అసలు కథ మాత్రం ఆల్బర్టాలో, లెత్‌బ్రిడ్జ్‌లో జరిగింది. అది కూడా మనలాంటి బెట్ట సీమే. ఏడాదికి 400 మిల్లీమీటర్లలోపు తడి, కాలువ నీళ్లే దిక్కు. 1980ల మొదట్లో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు భార్య పౌలాతో కలిసి అక్కడి బ్రాంకోస్ అనే కుర్రాళ్ల జట్టు ఆట చూడబోయాడు. ఆట మధ్యలో కాలక్షేపానికి ఆటగాళ్ల వివరాల పుస్తకం చదువుతూ పౌలాయే ముందు గమనించింది: వీళ్లంతా జనవరి, ఫిబ్రవరి, మార్చిలోనే పుట్టారేమిటి? ఆయన ఇంటికొచ్చి వేరే లీగుల జాబితాలు తీశాడు. అంతటా అదే తీరు. మంచి జట్లలో ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లు సుమారు 40 శాతం, చివరి మూడు నెలలవాళ్లు 10 శాతం దగ్గర. 1985లో పరిశోధనగా అచ్చువేశారు. 2008లో రచయిత మాల్కమ్ గ్లాడ్‌వెల్ పుస్తకంతో లోకమంతటికీ తెలిసింది.

కారణం తేలిక. ఇక్కడ పిల్లల వయసు విభాగాలకు హద్దు జనవరి 1. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే విభాగం. ఎనిమిదేళ్ల పిల్లల్లో పదకొండు నెలల తేడా అంటే రెండంగుళాల ఎత్తు, బోలెడు బలం. పెద్దవాణ్ని ప్రతిభావంతుడనుకుని మంచి జట్టులోకి తీసుకుంటారు. వాడికి మంచి కోచ్, ఎక్కువ ఆటలు, ఎక్కువ సాధన. కొన్నేళ్లకు వాడు నిజంగానే మేలైన ఆటగాడవుతాడు. ఎంపిక చేసినవాళ్లు "మేం ముందే చెప్పలా" అంటారు. గ్రెట్స్‌కీ పుట్టింది కూడా జనవరి 26నే. ఆయన తనకన్నా నాలుగేళ్లు పెద్దవాళ్లతో ఆడి ఎదిగాడు కాబట్టి గొప్పతనమంతా నెలకే కట్టబెట్టకూడదు గానీ, ఆయన వయసువాళ్లలో డిసెంబర్ పిల్లలు ఎంతమంది దారిలో రాలిపోయారో ఎవరు చెప్తారు?

ఇది చదివినరోజు నా పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూసుకున్నాను. పుట్టినతేదీ జులై 1. నాదే కాదు, మా క్లాసులో సగంమందిది అదే. బళ్లో వేసేరోజు అయ్యవారు రాసిన తేదీ అది. అమ్మనడిగితే శెనక్కాయ పీకేటప్పుడు పుట్టావంటుంది, అంటే చలికాలం మొదలు. ఆరోజు అయ్యవారు నన్ను వయసెంతని అడగలేదు. కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమన్నారు. అందింది, ఐదేళ్లు నిండాయని రాసుకున్నారు. కెనడాలో తేదీని బట్టి ఎవరు పెద్దగా కనబడతారో తేలుతుంటే, మాకు ఒళ్లు ఎదిగిన తీరును బట్టి తేదీ తేలింది. చెయ్యి అందనివాళ్లు ఇంకో ఏడు మేకల వెంట పోయారు. జులై 1 ఇక్కడ దేశం పుట్టినరోజు. ఊరంతా బాణసంచా కాలుస్తుంటే, బడి అరుగు మీద చెయ్యి పైకెత్తి వరసలో నిల్చున్న పిల్లలే నాకు గుర్తొస్తారు. వాళ్లలో కొందరు పొద్దు వాలేదాకా గిల్లీదండా ఆడి ఎప్పుడూ గెలిచేవాళ్లు. ఏ జాబితాలోనూ వాళ్లు లేరు.

తమ్ముడికి రాసింది ఇదీ. ఒరే, ఈ దేశం హాకీలో తీసిన లెక్కలన్నిట్లోకీ గొప్పది ఏ పిల్లవాడి మీదా తీసింది కాదు, పిల్లల్ని ఏరుతున్న పెద్దల మీద తీసింది. నువ్వు నేర్చుకోవాల్సింది అదే. ప్లస్-మైనస్ జోలికి పోవద్దు. రాయాలనుంటే అసిస్టులు రాయి, పిల్లలు ఒకరికొకరు అందించుకోవడం నేర్చుకుంటారు. ప్రతి పిల్లా ఎంతసేపు ఆడిందో రాయి. అది పిల్ల గురించి కాదు, నీ గురించి చెప్తుంది. జిల్లా ఎంపికలకు పోయినప్పుడు, అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ మైదానానికి పిల్లల్ని తీసుకుపోయినప్పుడు, ఎంపికైనవాళ్ల పుట్టిన నెలలు, ఊరు, అక్కడికి రావడానికి ఎన్ని బస్సులు మారారు అన్నవి ఒక పుస్తకంలో ఎక్కించు.

వాడు చదివి ఫోన్ చేశాడు. "మన కాలం మాదిరి కాదక్కా, ఇప్పుడు పిల్లోళ్లంతా ఆస్పత్రిలోనే పుడతాండారు, తేదీలు సరిగ్గానే ఉంటాయి. నెలలు రాస్తా. ఎంపికైనోళ్లవి రాస్తే సాలా?" చాలదన్నాను. వచ్చి వెనక్కి పోయినవాళ్ల పేర్లు, నెలలు, ఊర్లు కూడా పక్కనే రాయాలి. ఆ పిల్లలు గేటు దాటకముందే రాసుకోవాలి, తర్వాత దొరకరు.