రోబో చేసే ఆపరేషనా, రోబోతో చేసే ఆపరేషనా?

"రోబో సర్జరీ" అనగానే చాలామందికి కళ్ళముందు కనిపించే బొమ్మ ఒకటే. పేషెంటు బల్ల మీద మత్తులో ఉంటాడు. ఒక ఇనుప మనిషి వచ్చి, కడుపు కోసి, రోగం తీసేసి, కుట్లేసి వెళ్ళిపోతాడు. డాక్టరుగారు పక్కన కాఫీ తాగుతూ ఉంటారు. మన సాఫ్టువేరు జనాలు కూడా ఇందుకేమీ మినహాయింపు కాదండోయ్. మొన్నామధ్య మా టీములో ఒకతను, వాళ్ళ నాన్నగారి ప్రోస్టేటు ఆపరేషను రోబోతో చేయిద్దామన్నారని చెప్పి, వెంటనే "మధ్యలో సిస్టం హ్యాంగ్ అయితే ఎట్లా?" అని అడిగాడు.

ప్రశ్న మంచిదే. కానీ దానికి సరైన జవాబు కావాలంటే ఈ యంత్రం ఎక్కడ పుట్టి, ఎలా పెరిగి, ఇక్కడిదాకా ఎలా వచ్చిందో కాస్త తెలియాలి. ఎందుకంటే రోబో సర్జరీ చరిత్రలో రెండు దారులున్నాయి. ఒకటి మనం బ్యాచ్ జాబు అనే రకం, రెండోది రిమోట్ డెస్క్‌టాపు రకం. ఈ తేడా తెలిస్తే సగం భయాలూ, సగం భ్రమలూ వాటంతటవే పోతాయి.

మొదటి దారి: ముందే లెక్క కట్టి, తర్వాత నడపడం

1985లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ప్యూమా అనే ఫ్యాక్టరీ రోబోని ఆపరేషను థియేటరులోకి తెచ్చారు. మెదడులో గడ్డ ఉన్న పేషెంటుకి బయాప్సీ చెయ్యాలి. సీటీ స్కాన్‌లో గడ్డ ఎక్కడుందో లెక్కకట్టి ఆ కోఆర్డినేట్లు రోబోకి ఇచ్చారు. రోబో చెయ్యి సూది వెళ్ళాల్సిన దారిని ఖచ్చితంగా పట్టుకుని నిలబడింది, సూది దించింది మాత్రం డాక్టరే. తల కదలకుండా బిగించేశారు కాబట్టి స్కాన్‌లో ఉన్న లెక్క, బల్ల మీద ఉన్న లెక్క ఒకటే అయ్యింది.

1991లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో బ్రయన్ డేవీస్ బృందం తయారుచేసిన ప్రోబాట్ ఇంకో అడుగు ముందుకేసి ప్రోస్టేటు కణజాలాన్ని తనంతట తానే తొలిచింది. 1992లో వచ్చిన రోబోడాక్ కథ ఇంకా బాగుంటుంది. తుంటి మార్పిడి ఆపరేషనులో లోహపు కాడని తొడ ఎముకలోకి దించడానికి చేత్తో గాడి తొలిస్తే చుట్టూ సందులు మిగిలిపోతున్నాయని విలియం బార్గర్ అనే ఎముకల డాక్టరూ, హోవర్డ్ పాల్ అనే పశువుల డాక్టరూ విసిగిపోయి, ఐబీఎంతో చేతులు కలిపారు. ముందు కుక్కలకి చేశారు, తర్వాత కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో మనిషికి. రోబో గాడిని లెక్క ప్రకారం చక్కగా తొలిచింది. అయినా అమెరికాలో తుంటి ఆపరేషన్లకి ఎఫ్‌డీఏ అనుమతి రావడానికి 2008 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోపు జర్మనీలో దాన్ని విరివిగా వాడారు, కండరాలు దెబ్బతిన్నాయని అక్కడ పేషెంట్లు కోర్టులకీ ఎక్కారు.

వీటిల్లో ఒక పోలిక గమనించారా? రోబో నిలబడి పనిచేసింది ఎక్కువగా తలా, ఎముకా దగ్గరే. అవి కదలవు. ముందు స్కాన్ తీసి, ప్లాన్ వేసి, రన్ కొట్టొచ్చు. కడుపులో అలా కుదరదు. పేషెంటు ఊపిరి పీలిస్తే కాలేయం కదులుతుంది, పేగుని పక్కకి నెడితే అది ఇంకో చోటికి జారుతుంది. నిన్న తీసిన స్కాన్‌ని నమ్ముకుని ఇవాళ కొయ్యడమంటే, రాత్రి తీసిన బ్యాకప్ మీద పగటి లావాదేవీలు నడిపినట్టే!

రెండో దారి: డాక్టరు చేతులకి పొడిగింపు

సరే, ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. అదే 1985లో జర్మనీలో ఎరిష్ మ్యూహె, 1987లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఫిలిప్ మూరే, కడుపు పెద్దగా కోయకుండా చిన్న చిన్న రంధ్రాల్లోంచి పిత్తాశయం తీసేశారు. మనం లాప్రోస్కోపీ అంటున్నది ఇదే. కొద్ది ఏళ్ళలోనే ప్రపంచమంతా ఈ పద్ధతికి మారిపోయింది. పేషెంటుకి హాయి. కష్టమంతా డాక్టరుది. పొడుగాటి పుల్లల్లాంటి పనిముట్లు. రంధ్రం దగ్గర ఇరుసు పడటం వల్ల చెయ్యి కుడికి తిప్పితే లోపల కొస ఎడమకి పోతుంది. పనిముట్టుకి మణికట్టు ఉండదు. చూడాల్సింది లోతు తెలియని టీవీ బొమ్మ. కెమెరా పట్టుకునేది ఇంకొకరు. అట్లకాడలతో అన్నం కలిపి ముద్ద చెయ్యమన్నట్టు ఉంటుందన్నమాట. పిత్తాశయానికైతే పర్లేదు, లోతుగా వెళ్ళి సన్నటి కుట్లు వెయ్యాలంటే ఎంతో నైపుణ్యం ఉన్నవాళ్ళకే సాధ్యం.

ఇదే కాలంలో కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో ఫిలిప్ గ్రీన్ బృందం, నాసా పరిశోధకుల ఆలోచనలతో కలిపి, దూరం నుంచి ఆపరేషను చేసే యంత్రం మీద పనిచేస్తోంది. అమెరికా సైన్యపు డాక్టరు రిచర్డ్ సటావా చొరవతో రక్షణశాఖ పరిశోధన విభాగం డార్పా డబ్బులిచ్చింది. ఆలోచన ఏమిటంటే, గాయపడ్డ సైనికుడు యుద్ధభూమి దగ్గర వాహనంలో ఉంటాడు, డాక్టరు వెనకాల సురక్షితంగా ఉండి ఆపరేషను చేస్తాడు. ఆ కల యుద్ధంలో నెరవేరలేదు. కానీ ఫ్రెడరిక్ మోల్ అనే డాక్టరు దాన్ని చూసి, మైళ్ళ దూరం అక్కర్లేదు, అదే గదిలో పదడుగుల దూరం చాలు, లాప్రోస్కోపీలో పోయిన మణికట్టుని డాక్టరుకి తిరిగి ఇస్తే చాలు అనుకున్నాడు. 1995లో ఇంటూటివ్ సర్జికల్ కంపెనీ పెట్టారు. మణికట్టులా తిరిగే సన్నటి పనిముట్ల విషయంలో ఎంఐటీలో అఖిల్ మధానీ చేసిన పని బాగా కలిసొచ్చింది. 1997లో బెల్జియంలో తొలి నమూనాతో మనిషికి పిత్తాశయం తీశారు, 1998లో పారిస్‌లో గుండె కవాటం బాగుచేశారు, 2000 జూలైలో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఆ యంత్రమే డావిన్సీ.

అసలు ఎలా పనిచేస్తుంది?

మూడు భాగాలు. పేషెంటు పక్కన చేతులున్న బండి, బొమ్మని ప్రాసెస్ చేసే టవరు, డాక్టరు కూర్చునే కన్సోలు. లోపలికి వెళ్ళే కెమెరాలో రెండు కళ్ళుంటాయి కాబట్టి డాక్టరుకి లోతు తెలిసే త్రీడీ బొమ్మ, పెద్దదై కనిపిస్తుంది. వేళ్ళకి తొడుక్కున్న పట్టీల కదలికని కంప్యూటరు చదివి, చేతి వణుకుని వడపోసి, కావాలంటే తగ్గించి, పనిముట్టు కొసకి పంపుతుంది. మూడు సెంటీమీటర్లు చెయ్యి కదిపితే లోపల కొస ఒక సెంటీమీటరే కదిలేలా పెట్టుకోవచ్చు. కుడి అంటే కుడే, ఎడమ అంటే ఎడమే, ఆ తలకిందుల లెక్క సాఫ్టువేరు చూసుకుంటుంది. రోబో చెయ్యి ఎంత తిరిగినా, పొట్ట గోడ దగ్గర రంధ్రం ఉన్న బిందువు మాత్రం కదలకుండా ఉండేలా దాని మెకానిజం కట్టారు.

ఇక హ్యాంగ్ అయితే? డాక్టరు తల పక్కకి తీస్తేనే సెన్సరు కనిపెట్టి చేతుల్ని ఉన్నచోట ఆపేస్తుంది. యంత్రంలో లోపమొస్తే చేతులు బిగుసుకుంటాయి. పేషెంటు పక్కనే ఉండే అసిస్టెంటు డాక్టరూ, నర్సులూ పనిముట్లు బయటికి తీసి, మామూలు లాప్రోస్కోపీగానో, కోతతోనో పూర్తిచేస్తారు. అంటే ఫెయిలోవరు యంత్రం కాదు, మనిషే! అందుకే ఆ రెండు పద్ధతులూ బాగా తెలిసిన డాక్టరే రోబో ముందు కూర్చోవాలి.

మన భాషలో చెప్పాలంటే, లేటెన్సీ కథ

డావిన్సీకి అప్పట్లో ఒక పోటీదారు ఉండేది. యూలున్ వాంగ్ పెట్టిన కంప్యూటర్ మోషన్ కంపెనీ, వాళ్ళ జ్యూస్ రోబో. 2001 సెప్టెంబరు 7న జాక్ మరెస్కో అనే ఫ్రెంచి డాక్టరు న్యూయార్కులో కూర్చుని, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న 68 ఏళ్ళ మహిళకి జ్యూస్‌తో పిత్తాశయం తీశారు. సిగ్నలు పోయి రావడానికి 14,000 కిలోమీటర్ల పైచిలుకు. మామూలు ఇంటర్నెట్టు కాదు, ఫ్రాన్స్ టెలికాం ప్రత్యేకంగా ఇచ్చిన ఫైబరు లైను. చెయ్యి కదిపినప్పటి నుంచి తెరమీద ఆ కదలిక కనిపించేదాకా సగటు ఆలస్యం 155 మిల్లీసెకన్లు. ఆపరేషను 54 నిమిషాల్లో అయిపోయింది. దీనికి లిండ్‌బర్గ్ ఆపరేషను అని పేరు పెట్టారు. నాలుగు రోజులకే ఆ న్యూయార్కులోనే జంట టవర్లు కూలడంతో ఈ వార్తని పట్టించుకున్నవాళ్ళు లేరు.

తర్వాత రెండు కంపెనీలూ పేటెంట్ల మీద కోర్టులో కొట్టుకుని, 2003లో విలీనమయ్యాయి. జ్యూస్ ఆగిపోయింది. అక్కణ్ణించి దాదాపు పదిహేనేళ్ళు ఈ మార్కెట్లో డావిన్సీకి ఎదురే లేదు. పనిముట్ల లోపల చిప్ పెట్టి, ఇన్ని ఆపరేషన్లకే పనిచేసేలా లెక్క కట్టారు. ప్రింటరు కార్ట్రిడ్జి గుర్తొచ్చిందా? :) పేషెంటు బిల్లు ఎందుకంత ఎక్కువో సగం జవాబు అక్కడే ఉంది.

డెట్రాయిట్‌లో ఒక తెలుగు ఇంటిపేరు

డావిన్సీని గుండె ఆపరేషన్ల కోసమని తయారుచేస్తే, దాన్ని నిలబెట్టింది మాత్రం ప్రోస్టేటు క్యాన్సరు. ఇక్కడే మన ఐటీ వాళ్ళ పాత్ర వస్తుంది. వైటూకే రోజుల్లో మిషిగన్‌లో పనిచేసినవాళ్ళకి సీబీఎస్ఐ పేరు గుర్తుండే ఉంటుంది, ఆ తర్వాత కోవాన్సిస్ అయ్యింది. దాన్ని పెట్టిన రాజ్ వట్టికూటి 2001లో తన ఫౌండేషను ద్వారా డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి రెండు కోట్ల డాలర్లు ఇచ్చారు. అక్కడ మణి మీనన్ అనే మలయాళీ డాక్టరు, మన పాండిచ్చేరి జిప్మర్‌లో చదువుకున్నాయన, రోబోతో ప్రోస్టేటు తీసే పద్ధతిని వందల ఆపరేషన్లలో మెరుగుపరిచి, ఇతరులకి నేర్పించదగ్గ పద్ధతిగా మార్చారు. ప్రోస్టేటు ఉండేది కటి ఎముకల గిన్నె అడుగున. చుట్టూ సన్నటి నరాలు, తీశాక మూత్రాశయాన్ని మూత్రనాళంతో కలిపి కుట్టాలి. మణికట్టూ, త్రీడీ చూపూ అవసరమయ్యే పని అంటే ఇదే. ఆ పద్ధతిని వైద్య పత్రికల్లో వట్టికూటి ఇన్‌స్టిట్యూట్ ప్రోస్టేటెక్టమీ అని రాస్తారు. మన సర్వీసెస్ కంపెనీ సొమ్ము ఇలా ఒక ఆపరేషను పేరులోకి ఎక్కిందన్నమాట.

మరి పేషెంటుకి నిజంగా ఏమొస్తుంది?

ఇక్కడ లెక్కలు చూడకుండా మాట్లాడకూడదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మూడువందల మందికి పైగా ప్రోస్టేటు పేషెంట్లని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి పోల్చారు. 2016, 2018లలో ఆ ఫలితాలు వచ్చాయి. పోయిన రక్తం కోత ఆపరేషనులో సగటున 1,338 మిల్లీలీటర్లు, రోబోలో 443. ఆసుపత్రిలో ఉన్నది సుమారు మూడు రోజులకి బదులు ఒకటిన్నర రోజు. ఇవి చిన్న లాభాలేం కావు. కానీ మూత్రం మీద అదుపు, దాంపత్య జీవితం లాంటి అసలు విషయాల్లో రెండేళ్ళ తర్వాత చూస్తే రెండు గుంపులూ దాదాపు సమానమే.

ఇంకొకటి చెప్పాలి. 2018లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. నాలుగున్నరేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు కోత ఆపరేషను గుంపులో 96.5 శాతం, చిన్న రంధ్రాల గుంపులో 86 శాతం. రెండో గుంపులో ఎక్కువమందికి చేసింది లాప్రోస్కోపీ, కొందరికి రోబో. అంటే చిన్న కోత అన్నిచోట్లా మంచిది కాదు. 2019లో ఎఫ్‌డీఏ కూడా రోబో విషయంలో ఆడవాళ్ళ క్యాన్సర్లకి జాగ్రత్త అని హెచ్చరించింది.

అన్నట్టు, మన ఊళ్ళ హోర్డింగుల మీద కనిపించే రోబో మోకాలు వేరే సంగతి. అది రోబోడాక్ వంశం. వాటిలో కొన్నింట్లో రంపం డాక్టరు చేతిలోనే ఉంటుంది, గీసిన గీత దాటకుండా రోబో చెయ్యి అడ్డుకుంటుంది, ఇన్‌పుట్ వాలిడేషన్ లాగా. "రోబో" అనే ఒక్క మాటతో రెండు వేరువేరు సామాన్లు అమ్ముతున్నారని గుర్తుంచుకోండి.

మన దేశానికి 2002లో ఢిల్లీ ఎస్కార్ట్స్‌లో గుండె ఆపరేషన్లతో వచ్చిన ఈ యంత్రం, 2023 నాటికి హైదరాబాదు నిమ్స్ లాంటి ప్రభుత్వరంగ ఆసుపత్రిదాకా చేరింది. గుండె డాక్టరు సుధీర్ శ్రీవాస్తవ కంపెనీ గురుగ్రాంలో మంత్ర అనే దేశీ రోబోని తయారుచేస్తోంది. పోటీ పెరిగితే ధర దిగుతుందని ఆశ. 2019లో ఐఆర్‌డీఏఐ రోబో సర్జరీని పాలసీల్లో చేర్చాల్సిన ఆధునిక చికిత్సల జాబితాలో పెట్టింది, కాకపోతే కంపెనీలు దానికి విడిగా పరిమితి పెట్టుకునే వీలుంచింది. ఆఫీసు మెడిక్లెయిము ఐదు లక్షలుందని ధీమాగా ఉండకండి, రోబోకి అందులో ఎంత అని హెచ్ఆర్ వాళ్ళని ఇప్పుడే అడిగి ఉంచుకోండి.

మొదటి దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2022లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళ స్టార్ అనే రోబో, పందుల మీద పేగుని దాదాపు తనంతట తానే కలిపి కుట్టింది. కణజాలం కదిలినప్పుడల్లా చూసి ప్లాన్ మార్చుకుంటూ కుట్టింది. అది మనుషుల దాకా వచ్చినప్పుడు "ఎవరు చేశారు?" అన్న ప్రశ్నకి కొత్త జవాబు వెతుక్కుందాం. ఇవాళ్టికి మాత్రం కడుపు ఆపరేషనులో జవాబు డాక్టరే. కాబట్టి మీ అమ్మకో నాన్నకో రోబో ఆపరేషను చెప్తే, అది ఏ మోడలని అడగక్కర్లేదు. ఈ జబ్బుకి ఈ పద్ధతితో లాభముందా, మీరు ఇదే ఆపరేషను రోబోతో ఎన్ని చేశారు, మామూలు లాప్రోస్కోపీతో చేస్తే తేడా ఎంత... ఈ మూడూ అడగండి. మంచి డాక్టరైతే విసుక్కోకుండా చెప్తారు.