కృష్ణా నదిలో ఒండ్రు కొలత

నది మోసుకుపోయే మట్టి, ఇసుక, గులకరాళ్ల పరిమాణాన్ని లెక్కగట్టడమే ఒండ్రు కొలత. సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించే కృష్ణలో ఈ లెక్క రెండు చోట్ల తీయాలి: పారే నీటిలో, జలాశయాల అడుగున. ఆనకట్టలు కట్టిన నదిలో ఒక్కదాన్నే నమ్ముకుంటే లెక్క తప్పుతుంది.

నీటిలో

కేంద్ర జల సంఘం సిబ్బంది వంతెన మీంచో, పడవలోంచో పంజాబ్ రకం సీసాను నదిలోకి దించి, మొత్తం లోతులో పదింట ఆరు వంతుల దగ్గర నీళ్లు పడతారు. వాటిని వడగట్టి, మిగిలిన మట్టిని ఆరబెట్టి తూకం వేస్తారు. 0.2 మిల్లీమీటర్లకు మించినవి ముతక రేణువులు, 0.075కు తగ్గినవి సన్నవి, నడుమవి మధ్యరకం. లీటరుకు ఎన్ని గ్రాములో తేలాక ఆ అంకెను ప్రవాహంతో హెచ్చవేస్తే రోజుకు ఎన్ని టన్నులు పోయాయో తెలుస్తుంది.

చిక్కంతా వరదతోనే. ఏడాది ఒండ్రులో సింహభాగం కొద్ది రోజుల్లోనే వెళ్లిపోతుంది. ఆ రోజుల్లో నమూనా తప్పిందంటే ఏడాది లెక్కే చెడుతుంది. పైగా నీటిమట్టం ఒకటే అయినా, వరద ఎక్కేటప్పుడు ఉన్నంత బురద తీసేటప్పుడు సాధారణంగా ఉండదు. అడుగున దొర్లుతూ పోయే ఇసుక సీసాకు చిక్కదు కాబట్టి దాన్ని చాలాచోట్ల అంచనా వేసి కలుపుతారు.

జలాశయాల్లో

ఇక్కడ పడవ నుంచి ధ్వని తరంగాలు పంపి అడుగు లోతు తీస్తారు. శ్రీశైలం తొలి సామర్థ్యం 308.06 టీఎంసీలు, సర్వేల తర్వాత ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నది 215.81. నాగార్జునసాగర్ 408.24 నుంచి 312.05కు దిగింది. శ్రీశైలం పోగొట్టుకున్న చోటులో రెండు పులిచింతల జలాశయాలు పడతాయి. రైతుకు దక్కాల్సిన నీటి చోటది.

అయితే ఈ తేడా అంతా పూడికే అనడం తొందరపాటు. తుంగభద్ర జలాశయంలో 2008 సర్వే 100.855 టీఎంసీలు చూపితే, 2016 సర్వే 105.788 చూపింది. పూడిక దానంతట అది తగ్గదు. కొలతలోనే అంత తేడా రాగలదు. అందుకే సామర్థ్యం అంకెతో పాటు సర్వే చేసిన ఏడాదినీ పద్ధతినీ చెప్పాలి.

పైన ఆగిన మట్టి కిందికి రాదు. 2010లో వెలువడిన ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధన ప్రకారం ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఏటా మోసే ఒండ్రు 1966–69 నాటి 90 లక్షల టన్నుల నుంచి 2000–05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. 1965–2008 మధ్య కృష్ణా, గోదావరి డెల్టాల తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్లు కోల్పోయింది. బ్యారేజీ అంకె ఒక్కటే చూస్తే పైన భూముల కోత ఆగిందనిపిస్తుంది. ఆగింది కోత కాదు, మట్టి ప్రయాణం.

మూసీ, నగరపు వాటా

హైదరాబాద్‌లోని అబిడ్స్, నాంపల్లి రోడ్ల మీద వాన కడిగిన ఇసుక, కట్టడాల మట్టి, నాలాల మురుగు చివరికి చేరేది కృష్ణ ఉపనది మూసీలోకే. 1908 వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) ఎగువ మట్టిని చాలావరకు ఆపేస్తాయి. కాబట్టి నగరం దాటే మూసీ బురదలో నగరపు పాలే ఎక్కువనుకోవచ్చు. దారిలో సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు కొంత పట్టుకుంటుంది. మిగిలింది నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమం నాగార్జునసాగర్‌కు దిగువన ఉంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ సర్వేలు ఎంత జాగ్రత్తగా చేసినా ఈ మట్టి వాటికి దొరకదు, వెతకాల్సింది సంగమానికి దిగువనున్న పులిచింతలలో.

మూసీ నీటికి మామూలు తూకం కూడా చాలదు. మురుగులోని సేంద్రియ పదార్థం వడపోత కాగితం మీద మట్టితో కలిసిపోయి బరువు పెంచుతుంది. ఆరిన నమూనాను సుమారు 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి మళ్లీ తూచాలి. తగ్గిన బరువు ప్రధానంగా సేంద్రియానిది, మిగిలింది ఖనిజపు మట్టిది.