మంచం నుంచి సైకిల్ మీదికి

నాలుగడుగులు వేస్తే ఆయాసం, సాయంత్రానికి కాళ్ల వాపు. గుండె వైఫల్యంతో వచ్చిన రోగికి ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం వైద్యులు చెప్పిన మొదటి మాట, కదలవద్దని. అలసిన గుండెకు పని తగ్గిస్తే అది తేరుకుంటుందన్న ఆలోచనలో తప్పేమీ కనిపించేది కాదు. 1960లలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో జార్జ్ బర్చ్, గుండె కండరం సాగిపోయిన రోగులను నెలల తరబడి మంచం మీదే ఉంచారు. కొందరికి ఎక్స్‌రేలో గుండె పరిమాణం తగ్గింది కూడా.

అంతకు ముందు తరాల వైద్యులకు ఇంత భయం లేదు. డబ్లిన్‌లో విలియం స్టోక్స్ 1854 నాటి తన గ్రంథంలో కొందరు హృద్రోగులకు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే నడకను సూచించారు. 1880లలో మ్యూనిక్ వైద్యుడు ఓర్టెల్ దారి ఎత్తుపల్లాలను బట్టి నడకకు మోతాదు కట్టారు. గుండెపోటు గురించి తెలిసేకొద్దీ ఈ పద్ధతి మూలబడింది. దెబ్బతిన్న కండరం మచ్చకట్టడానికి వారాలు పడుతుందని తేలడంతో ఆరు వారాల పడక ఆనవాయితీ అయింది. 1952లో లెవిన్, లౌన్ తమ గుండెపోటు రోగులను త్వరగా కుర్చీలో కూర్చోబెట్టి చూపించారు. కుర్చీలో కూర్చోవడమే అప్పటికి సాహసం.

పడక చేసే చెరుపు 1966లో డల్లాస్‌లో అంకెలకెక్కింది. ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను 20 రోజులు పడుకోబెడితే, శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ నాలుగోవంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షిస్తే, వయసు వల్ల పోయిన శక్తి ఆ మూడు వారాల్లో పోయినంత కూడా లేదు.

గుండె వైఫల్యం విషయంలో మలుపు 1981లో వచ్చింది. విశ్రాంతిలో గుండె ఎంత రక్తం చిమ్ముతోందో చూసి రోగి ఎంత దూరం నడవగలడో చెప్పలేమని ఫ్రాన్సియోసా బృందం చూపింది. అలాంటప్పుడు ఆయాసానికి కారణం గుండె ఒక్కటే కాదన్నమాట. 1988లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో సల్లివాన్ బృందం 12 మంది రోగులకు నాలుగు నుంచి ఆరు నెలలు శిక్షణ ఇచ్చింది. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం 23 శాతం పెరిగింది. గుండె పంపు చేసే తీరు మాత్రం దాదాపు అలాగే ఉంది. మార్పంతా కాళ్లలో కనిపించింది: వాటికి రక్తప్రసరణ పెరిగింది, రక్తంలోంచి అవి ఆక్సిజన్‌ను ఎక్కువగా తీసుకోగలిగాయి, లాక్టేట్ పేరుకోవడం తగ్గింది. ఎన్నాళ్లుగానో కదలక కృశించిన పిక్క, తొడ కండరాలు కూడా రోగిని సగం దారిలో ఆపుతున్నాయి.

అదే ఏడాది కెనడా నుంచి ఎదురు వార్త వచ్చింది. గుండె ముందు గోడకు పెద్ద దెబ్బ తగిలినవారిలో కొందరికి వ్యాయామంతో ఆ గోడ మరింత వంకరపోయిందని జుగ్దత్ బృందం హెచ్చరించింది. ఆ భయాన్ని తీర్చడానికి ఇటలీలో జియనుజ్జి బృందానికి 1990లంతా పట్టింది. ఈలోగా 1990లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆండ్రూ కోట్స్ బృందం 11 మంది రోగుల చేత ఇంట్లోనే వ్యాయామ సైకిల్ తొక్కించింది. ఎనిమిది వారాలు తొక్కడం, ఎనిమిది వారాలు మానడం. తొక్కిన వారాల్లో ఆయాసం తగ్గింది, శక్తి పెరిగింది.

ఆయుష్షు పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. 1999లో ఇటలీలోని అంకోనాలో 99 మందిపై బెలార్డినెల్లి జరిపిన పరిశీలనలో మరణాలు, ఆసుపత్రి చేరికలు తగ్గాయి. 2009లో వెలువడిన హెచ్‌ఎఫ్-యాక్షన్ అధ్యయనం 2,331 మందితో అంతకన్నా ఎంతో పెద్దది. వారిలో దాదాపు సగం మందికి పర్యవేక్షణలో 36 సార్లు వ్యాయామం చేయించి, ఆపైన ఇంట్లో కొనసాగించమన్నారు. శిక్షణ సురక్షితమేనని రుజువైంది, రోజువారీ జీవితం కాస్త మెరుగైంది. మరణాలు, ఆసుపత్రి చేరికల్లో తేడా మాత్రం గణాంకాల పరీక్షకు నిలిచేంత రాలేదు. రోగ తీవ్రతను లెక్కలో సర్దితే గానీ కొద్దిపాటి లాభం తేలలేదు. ఇంటికి వెళ్లాక చాలామంది చెప్పినన్ని నిమిషాలు చేయలేదు. ఈ ఫలితాన్ని చదివేటప్పుడు అది మరవకూడదు.

2014లో అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ ఈ శిక్షణ ఖర్చు భరించడం మొదలుపెట్టింది. అయితే గుండె పంపు శక్తి 35 శాతం, అంతకన్నా తక్కువ ఉండాలి, జబ్బు నిలకడగా ఉండాలి, ఆరు వారాలుగా ఆసుపత్రి పాలై ఉండకూడదు. అప్పుడే ఆసుపత్రిలో చేరిన వృద్ధులు ఈ షరతులతో బయటే మిగిలారు. 2021లో ఫలితాలు ప్రకటించిన కిట్జ్‌మన్ బృందం సరిగ్గా అలాంటి 349 మందిని తీసుకుని, వారిలో దాదాపు సగం మందికి ఆసుపత్రిలో ఉండగానే బలం, శరీర సమతుల్యత, నడక, దమ్ము పెంచే శిక్షణ మొదలుపెట్టింది. మూడు నెలలకు వాళ్ల శారీరక సామర్థ్యం స్పష్టంగా మెరుగైంది; ఆరు నెలల్లో తిరిగి ఆసుపత్రిలో చేరడం మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు.