కొండను చిన్నది చేయు అద్దము

అద్దములో కొండ చిన్నదిగా కానవచ్చునని వేమన చేసిన పోలిక తెలుగునాట పలకాబలపము పట్టినవారందరికిని తెలిసినదే. దానిని నీతికొరకు చదువుకొన్నాము గాని, వేమన చేతిలోని అద్దమెట్టిదని అడిగినవారము కాము. ఆ ప్రశ్న పైకి కనబడునంత చిల్లరది కాదు. నేడు మన గోడలకున్న బల్లపరుపు అద్దము నిజమునకు కొండను చిన్నది చేయదు. అది ఒక చిన్న కిటికీ వంటిది. కొండ కంటికెంత కనబడునో అందులోను అంతే కనబడును. పట్టక మిగిలినది అంచు వెలుపల నిలిచిపోవును. కొండను కుదించి చూపునది నడుమ ఉబ్బి, అంచులవైపు వంగిన అద్దము. శాస్త్రజ్ఞులు దానిని కుంభాకార దర్పణమందురు. పాడేరునుండి హుకుంపేట మీదుగా అరకు పోవు దారిలో మోటారుబండి ప్రక్క అద్దమును చూచువారికి ఈ భేదము వేరే చెప్పనక్కరలేదు. వెనుకబడిన కొండ, దాని వాలునందలి పొలము, దారి మలుపు, అన్నియు అరచేతియంత మేరలో ఇమిడిపోవును. వెనుక వచ్చు లారీయు ఉన్నదానికంటె దూరముగా తోచును గనుక ఆ అద్దమును నమ్ముటలో కొంత జాగ్రత్త వలయును. వేమన చూచినది కొంచెము ఉబ్బిన లోహదర్పణమని నా ఊహ.

ఊహకు ఊతము లేకపోలేదు. గాజుటద్దము మన యిండ్లకు వచ్చినది చాల ఆలస్యముగా. అంతకుముందు వేలయేండ్లు రాగి పలకలను, కంచు పలకలను నునుపుచేసి జనులు ముఖము చూచుకొనిరి. హరప్పా త్రవ్వకములలో రాగి అద్దములు దొరకినవి. చేతితో మెరుగుపెట్టిన పలకకు అంచులు హెచ్చుగా అరిగి నడుము ఉబ్బెత్తుగా మిగులుట సహజము. మాటవరుసకు చెప్పుచున్నాను, అద్దమను పదము కూడ అట్లు అరిగినదే. సంస్కృతమునందలి 'ఆదర్శ' శబ్దము ప్రాకృతము మీదుగా నలిగి మనకు చేరినది. ఇక చైనాలో 11వ శతాబ్దివాడైన షెన్ కువో అను పండితుడు ఈ విషయమునే పట్టించుకొనెను. పూర్వులు పెద్ద అద్దములను చదునుగాను, చిన్నవానిని ఉబ్బెత్తుగాను పోతపోసిరనియు, చిన్న అద్దములో ముఖమంతయు ఇముడుటకే ఆ ఉపాయమనియు వ్రాసెను. తన కాలమువారు ఆ మర్మమెరుగక, పాత అద్దము చేతికి చిక్కినంతనే దాని ఉబ్బును గీకి చదును చేయుచున్నారని వాపోయెను.

గాజు వచ్చిన తరువాతను ఉబ్బు పోలేదు, సరికదా, తప్పనిసరియైనది. గొట్టముతో ఊదిన గాజు బుడగగానే వచ్చును. రోమనులు ఆ బుడగ ముక్కలకు వెనుక సీసము పూసి చిన్న అద్దములు చేసిరి. మధ్యయుగమునందలి జర్మను పనివారును ఆ త్రోవనే త్రొక్కిరి. 1434లో యాన్ వాన్ ఐక్ చిత్రించిన ఆర్నోల్ఫిని దంపతుల పటము లండను నేషనల్ గ్యాలరీలో నున్నది. అందు వెనుక గోడకు వ్రేలాడు గుండ్రని అద్దములో దంపతుల వీపులు, కిటికీ, గుమ్మమునొద్ద నిలిచిన మరి యిద్దరు మనుష్యులు కనబడుదురు. మురానో ద్వీపపు పనివారు 16వ శతాబ్దిలో బల్లపరుపు గాజుకు తగరము, పాదరసము కలిపి పూత పెట్టుట నేర్చిన పిదప ఈ గుండ్రద్దమునకు గౌరవము తగ్గినది. 1684లో వెర్సాయి అద్దాల మందిరము ముగియునప్పటికి రాజులందరికిని చదునైన నిలువుటద్దములే కావలసివచ్చెను. విచిత్రమేమన, 1800 ప్రాంతమున ఇంగ్లండులోను, అమెరికాలోను ఉబ్బెత్తు అద్దము మరల గోడనెక్కినది. బంగారు పూత చట్రము, చుట్టు చిన్న గుండ్లు, శిరమున గరుడపక్షి! ముఖము చూచుకొనుటకు పనికిరానిదై, దీపపు వెలుగును గదియంతట చిమ్ముటకు పనికివచ్చినది. నేడు నగరములలో అలంకారమునకు అమ్ముచున్నవి చాలవరకు ఆ వంశమువే.

మన దేశములో ఉబ్బెత్తు గాజు ముక్కలై గోడలకెక్కినది, బట్టలకెక్కినది. లాహోరు కోటలో షాజహాను 1631-32లో కట్టించిన శీష్ మహలు, అంబరు కోటలోని శీష్ మహలు ఇందుకు తార్కాణములు. చదునైన ముక్కలో దీపమును చూడవలెనన్న కన్ను ఒకే కోణమున నుండవలెను. ఉబ్బిన ముక్క అట్లు కాదు. ఏ ప్రక్కనుండి చూచినను తనలో ఒక చిన్న దీపమును చూపును. కనుకనే ఒక దీపము వందలగును, చూపరి అడుగు వేసినకొలది వందయు కదలును. తెలంగాణ, రాయలసీమ తండాలలో లంబాడీ స్త్రీల లంగాలమీద, రవికలమీద, తలముసుగులమీద మెరయు అద్దముల రహస్యము కూడ ఇదియే. రాజు కోటలోని పనితనమును వారు ఎండలోనికి తెచ్చిరి.

ఆ బిళ్ళల తయారీని కొంచెము వివరింపవలసియున్నది. గుజరాతులోని కపడ్వంజ్ ఇందుకు పేరుపడినది. పనివాడు గాజును పెద్ద బుడగగా ఊదును. కరగిన లోహమును లోపల పోసి, బుడగను త్రిప్పి, లోగోడకంతటికిని పూతపట్టించి, మిగిలినదానిని పారబోయును. పిమ్మట బుడగను పగులగొట్టుదురు. స్త్రీలు ఆ పెంకులను కత్తెరతో చిన్న బిళ్ళలుగా కత్తిరించి, అంచులను రాతిమీద నూరుదురు. బుడగ ముక్క గనుక బిళ్ళకు ఉబ్బు దానంతట అదే వచ్చును. గాజుకు రంధ్రముండదు. కుట్టు స్త్రీ దానిమీదుగా దారములను అడ్డదిడ్డముగా బిగించి, ఆ దారములను పట్టుకొని చుట్టును కుట్టుచు పోవును. ఆ కుట్టే దానికి చట్రము.

ఇప్పుడు యంత్రముతో కోసిన చదును గాజు, ప్లాస్టిక్కు బిళ్ళలు ఆ స్థానమును ఆక్రమించుచున్నవి. తేలిక, చౌక, పగులవు. ధరించువారి సౌకర్యమును తప్పుపట్టలేము. నాకు బాధ కలిగించునది వేరొకటి. పాత లంగాలను, రవికలను మూటలుగా కొని, ముక్కలు కోసి, దిండు గలీబులుగాను, గోడ తెరలుగాను అతికి అమ్ముచున్నారు. ఒక స్త్రీ నెలల తరబడి కుట్టిన వస్త్రము, ఏ భాగము నడుమున నుండునో ఏది భుజమున నుండునో తెలియని పీలికలగుచున్నది. షెన్ కువో చూచిన గీకుడుకు దీనికి తేడా ఏమి? అట్టిదానిని ఇంట అలంకరింపగోరువారు కోయని వస్త్రమును అడిగి కొనవలెను. ఎవరు కుట్టిరో, ఏ తండాదో అడిగి వ్రాసియుంచుకొనవలెను.

పాత బిళ్ళను గుర్తించుట కష్టము కాదు. వస్త్రమును కిటికీవైపు పట్టి మెల్లగా వంచి చూడుడు. ఉబ్బిన బిళ్ళలన్నింటిలోను ఒక్కొక్క చిట్టి కిటికీ నిలిచి మెల్లగా జరుగును. చదును బిళ్ళలు ఒక్కసారి తళుక్కుమని ఆరిపోవును. చేతికోత గనుక రెండు బిళ్ళలు ఒకే కొలతనుండవు. పాత గోడ అద్దము కొన్నవారికి మాత్రము ఒక హెచ్చరిక. వెనుక పూత మచ్చలుపడినదని దానిని గీకరాదు, అందు పాదరసముండవచ్చును. హుకుంపేటవంటి మన్యపు సంతలలో పూసలు, దువ్వెనల నడుమ అమ్ము చేతి అద్దములకు ఈ భయము లేదు. అవి బల్లపరుపువి, వానిలో కొండ కొండయంతయే యుండును.